గేటు దగ్గర మావయ్య లైసెన్స్

సంక్రాంతి అయ్యాక హైదరాబాద్ తిరిగి రావడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. బస్సు టికెట్ రేటు చూస్తే విమానం గుర్తొచ్చింది. రైల్లో వెయిటింగ్ లిస్ట్ నంబరు నా ఇంజనీరింగ్ హాల్ టికెట్ నంబరంత ఉంది. సోమవారం పొద్దున పదింటికి మీటింగ్. ఏం చేయాలా అని ఫోన్ గీకుతూ కూర్చుంటే అమ్మే దారి చూపించింది. "మీ మావయ్య కాకినాడలో లోడ్ చేసుకుని హైదరాబాదే పోతున్నాడంట. హనుమాన్ జంక్షన్ దగ్గర ఎక్కెయ్యరా."

అలా ఈసారి నా రిటర్న్ జర్నీ పన్నెండు టైర్ల లారీలో జరిగింది. వెనకాల నూనె ప్యాకెట్ల కార్టన్లు. ముందు మావయ్య, నేను, డ్యాష్‌బోర్డు మీద అమ్మవారి ఫోటో, నిమ్మకాయలు. దిగాల్సింది మేడ్చల్ వైపు ఒక గోడౌన్ దగ్గర.

నందిగామ దాటాం, చిల్లకల్లు టోల్ దాటాం. సూర్యాపేటలో టీ తాగుతుంటే మావయ్య ఎవరికో ఫోన్లో తన ఆధార్ ఫోటో పంపిస్తున్నాడు. "ఇప్పుడెవరికి మావయ్యా?" అన్నాను. "ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు వాళ్లకి. వాళ్లు గోడౌన్ వాళ్లకి పంపాలంట. నిన్న కాకినాడలో లోడింగ్ దగ్గర ఒకసారి తీసుకున్నారు. రేపు మళ్లీ అక్కడ గేట్లో తీసుకుంటారు. దేశంలో నా మొహం చూడని సెక్యూరిటీ వాడు లేడు అల్లుడూ" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంతసేపో నిలవలేదు. ఎందుకో చెప్తాను.

రాత్రి రెండున్నర, గేటు

మేం చేరేసరికి గోడౌన్ ముందు రోడ్డు పక్కన లారీల వరస. మావయ్య బండి ఆపి, సీటు కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్, ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు, బిల్టీ... అన్నీ అందులోనే. లైసెన్స్, ఆధార్ మాత్రం చొక్కా జేబులో. "అవి రోజుకి నాలుగుసార్లు తీయాలి కదా" అన్నాడు.

నేనూ కాళ్లు చాపుకుందామని వెంట వెళ్లాను. గేటు దగ్గర చిన్న రేకుల గది. లోపల ఒక కుర్రాడు, నా వయసే ఉంటుంది, మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చున్నాడు. "ఏయ్ డ్రైవర్, నంబర్ బోలో" అన్నాడు. మావయ్య బండి నంబరు చివరి నాలుగు అంకెలు చెప్పాడు. పేరు ఎవరూ అడగలేదు. కుర్రాడు ట్యాబ్ తీసి లైసెన్స్ ముందు, వెనక ఫోటో తీశాడు. ఆధార్ ముందు, వెనక తీశాడు. తర్వాత మావయ్యని గోడకి ఆనుకుని నిలబడమని మొహం మీద లైటేసి ఇంకో ఫోటో.

ఆ ట్యాబ్‌లో స్క్రీన్ చూశాను. నీలం రంగు బటన్. దాని కింద చిన్న అక్షరాల్లో "డ్రైవర్ ఐడీ ఫోటో తప్పనిసరి". పక్కన ఎర్ర చుక్క.

ఆ బటన్ నేను పెట్టిందే.

నేను పనిచేసే కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. గోడౌన్ల గేటు ఎంట్రీకి మేం ఒక యాప్ చేస్తాం. ఏ బండి ఎప్పుడొచ్చింది, ఏ డాక్‌కి వెళ్లింది, ఎప్పుడు బయటికి పోయింది, ఇవన్నీ అందులో ఉంటాయి. ఆ ఎర్ర చుక్క, అంటే ఆ ఫోటో లేకపోతే ముందుకి కదలనివ్వని రూలు, రెండేళ్ల కింద నేనే ఒక మధ్యాహ్నం రాశాను. పావుగంట పని.

నెట్ సరిగ్గా లేదు. ట్యాబ్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. కుర్రాడు విసుక్కుని, జేబులోంచి తన సొంత ఫోన్ తీసి అవే కార్డులు మళ్లీ ఫోటో కొట్టి ఏదో వాట్సాప్ గ్రూపులో పడేశాడు. తర్వాత ఆధార్ తిరిగిచ్చాడు. లైసెన్స్ మాత్రం పక్కనున్న బిస్కెట్ డబ్బాలో వేసి, ఒక టోకెన్ ఇచ్చాడు. డబ్బాలో ఇంకో ఇరవై దాకా లైసెన్సులున్నాయి.

"లైసెన్స్ ఎందుకు పెట్టుకున్నాడు?" అన్నాను మెల్లగా. "బయటికి పోయేటప్పుడు ఇస్తారు. మనం హెల్మెట్, బూట్లు, వాళ్లిచ్చే జాకెట్ తిరిగిచ్చాక" అన్నాడు మావయ్య. "ఒకసారి నిద్రమత్తులో మర్చిపోయి నాగపూర్ దాకా పోయా. మళ్లీ ఇటు లోడ్ దొరికేదాకా లైసెన్స్ లేకుండానే తిరిగా."

ఇంతలో కుర్రాడు నా వైపు తిరిగి "సార్, ఆప్?" అన్నాడు. "మా అల్లుడు. సాఫ్ట్‌వేర్" అన్నాడు మావయ్య గర్వంగా. కుర్రాడు కుర్చీ జరిపి "బైఠియే సార్" అన్నాడు. నా ఐడీ అడగలేదు. నేను ఎవరినైనా అయ్యుండొచ్చు.

దొంగ భయం అబద్ధం కాదు

ఇదంతా చదివి "పాపం డ్రైవర్లు, దుర్మార్గపు గోడౌన్లు" అనుకోకండి. గేటు అవతల వాళ్ల భయం నిజమే. ఆ ఎర్ర చుక్క పెట్టమని మమ్మల్ని అడిగిన క్లయింట్‌కి అంతకు ముందే ఒక లోడ్ మాయమైంది. లారీ వచ్చింది, కాగితాలన్నీ చూపించారు, సరుకెక్కించుకుని వెళ్లింది. చేరాల్సిన చోటికి చేరలేదు. ఫోన్ స్విచాఫ్. తర్వాత చూస్తే నంబరు ప్లేటు వేరే బండిది, ఆర్సీ నకిలీ.

అసలు కిటుకు ఎక్కడుందంటే, 50 వేల రూపాయల విలువ దాటిన సరుకుకి మామూలుగా ఈ-వే బిల్లు ఉండాలి. అందులో పార్ట్ ఎ సరుకు గురించి, పార్ట్ బి బండి గురించి. పార్ట్ బిలో వెహికల్ నంబరు ఉంటుంది గానీ డ్రైవర్ పేరుకి చోటు లేదు. అంటే కాగితాల ప్రకారం సరుకుకి సంబంధం బండితోనే. స్టీరింగ్ వెనక ఎవరున్నారో ఆ బిల్లుకి తెలియదు. ఆ ఖాళీని పూడ్చడానికి ప్రతి గోడౌనూ తనకి తోచిన పద్ధతి పెట్టుకుంది. ఒకచోట లైసెన్స్ జిరాక్స్, ఒకచోట ఆధార్, ఒకచోట వేలిముద్ర, ఒకచోట అన్నీ.

ఇది మన దగ్గరే అనుకోవద్దు. అమెరికాలోనూ ఇదే గొడవ. అక్కడ మన తెలుగువాళ్లు కొందరు ఇలాంటి ట్రక్కింగ్ సాఫ్ట్‌వేర్ మీదే పనిచేస్తుంటారు, వాళ్లని అడిగితే కథలు చెప్తారు. 2024 నవంబర్‌లో టెక్సాస్‌లోని లరేడో నుంచి పెన్సిల్వేనియా వెళ్లాల్సిన రెండు ట్రక్కుల టెకీలా దారిలో మాయమైంది. 24 వేలకు పైగా సీసాలు, విలువ 10 లక్షల డాలర్ల పైమాటే. వంటల ప్రోగ్రామ్‌ల గై ఫియెరి, రాక్ సింగర్ శామీ హేగర్ కలిసి పెట్టిన బ్రాండ్ కావడంతో పెద్ద వార్త అయింది. దొంగలు తుపాకీ పట్టుకుని హైవే మీద ఆపలేదు. మధ్యలో నకిలీ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలా దూరి, కాంట్రాక్టు మీద కాంట్రాక్టు మార్చి, సరుకుని వేరే దారి పట్టించారు. బండి సరైన దారిలోనే వస్తున్నట్టు తప్పుడు లొకేషన్ కూడా చూపించారు.

దీంట్లో మనకి పనికొచ్చే పాఠం ఒకటుంది. ఇలాంటి మోసాల్లో గేటు దగ్గరికి వచ్చే డ్రైవర్ చాలాసార్లు అసలు డ్రైవరే. లైసెన్స్ అసలుదే. అతనికి ఫోన్లో అడ్రస్ చెప్పిన మనిషే నకిలీ. లైసెన్స్ "నేనెవరు" అన్నదానికి జవాబు చెప్తుంది. "నన్ను పంపిందెవరు" అన్నదానికి చెప్పదు. గోడౌన్‌కి కావాల్సింది ఆ రెండో జవాబు. మనం మాత్రం మొదటి జవాబుకే నాలుగు ఫోటోలు తీసి, జాగ్రత్త పడ్డాం అనుకుంటున్నాం.

మరి రూల్స్ ఏమంటున్నాయి?

రోడ్డు మీద లైసెన్స్ చూపించమని అడిగే అధికారం మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ యూనిఫాంలో ఉన్న పోలీసుకి ఇచ్చింది. కాగితాలు స్వాధీనం చేసుకోవడం గురించి 206వ సెక్షన్ ఉంది, అది కూడా పోలీసులకి, ప్రభుత్వం అధికారం ఇచ్చిన వాళ్లకి. ప్రైవేటు గోడౌన్ సెక్యూరిటీకి "ఐడీ చూపించకపోతే లోపలికి రానివ్వను" అనే హక్కు ఉంది, అది వాళ్ల స్థలం. చూడటం వేరు, ఒరిజినల్ లైసెన్స్‌ని బిస్కెట్ డబ్బాలో తాకట్టు పెట్టుకోవడం వేరు. ఇంకో విషయం, డిజీలాకర్‌లో, ఎం-పరివాహన్‌లో చూపించే లైసెన్స్ చెల్లుతుందని 2018లోనే కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు మార్చింది. పోలీసు ఒప్పుకునేది గేటు దగ్గర ఒప్పుకోరు. ఫోన్‌లో ఉన్న లైసెన్స్‌ని డబ్బాలో వేయలేరు కదా.

ఆధార్ సంగతి ఇంకా ముఖ్యం. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు, ప్రైవేటు కంపెనీలు ఇష్టమొచ్చినట్టు ఆధార్ వాడుకునే వీలిచ్చిన 57వ సెక్షన్‌లోని భాగాన్ని కొట్టేసింది. తర్వాత 2019లో చట్టం సవరించి, మనిషి ఒప్పుకుంటే ఆఫ్‌లైన్ పద్ధతిలో సరిచూసుకోవచ్చు అన్నారు. అలా సరిచూసే సంస్థ ఆధార్ నంబరు సేకరించకూడదు, దాచుకోకూడదు అని కూడా అందులోనే ఉంది.

"ఆఫ్‌లైన్ పద్ధతి" అంటే ఏదో బ్రహ్మవిద్య కాదు. ఆధార్ మీద పెద్ద క్యూఆర్ కోడ్ ఉంటుంది కదా, దాంట్లో పేరు, ఫోటో, అడ్రస్ లాంటి వివరాలు యూఐడీఏఐ డిజిటల్ సంతకంతో ఉంటాయి. ఆ సంతకాన్ని నెట్ లేకుండానే సరిచూడొచ్చు. ఎవరైనా ఫోటోషాప్‌లో ఒక్క అక్షరం మార్చినా దొరికిపోతాడు. మేం తీసే ఫోటో ఉంది చూశారూ, దాంతో ఏదీ సరిచూడలేం. నకిలీ కార్డు ఫోటో కూడా చక్కగా అప్‌లోడ్ అవుతుంది. నా ఎర్ర చుక్క ఆకుపచ్చగా మారిపోతుంది.

ఇక 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, ఆ పనికి అవసరమైనంతే తీసుకోవాలి, పని అయ్యాక చెరిపేయాలి అన్నది దాని సారం. దీని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. గడువుంది కదా అని చాలా ఆఫీసుల్లో దాన్ని "తర్వాత చూద్దాం" లిస్టులో పెట్టారు. మా ఆఫీసు కూడా.

సోమవారం నేను చేసిన పని

ఆ రోజు మీటింగ్‌లో కూర్చున్నాను గానీ మనసంతా ఆ డబ్బా మీదే ఉంది. మధ్యాహ్నం ఒక పని చేశాను. చేయకూడని పనే. మా సిస్టమ్‌లో మావయ్య బండి నంబరు కొట్టాను.

పదకొండు ఆధార్ ఫోటోలు వచ్చాయి. పదకొండు ట్రిప్పులవి. ఒకదాంట్లో జుట్టుకి రంగుంది, ఒకదాంట్లో లేదు. ఒకదాంట్లో కళ్లు వాచిపోయి ఉన్నాయి. తేదీ చూస్తే తాతయ్య పోయిన పది రోజులకి. నేను లాగిన్ అయి ఉన్నాను, అంతే. ఎందుకు చూస్తున్నావని నన్నెవరూ అడగలేదు. మా టీమ్‌లో ఎవరు చూసినా అడగరు.

నాకు భయమేసిన విషయం ఇంకోటుంది. పోయిన ఏడాది మావయ్యకి ఒక లోన్ కంపెనీ నుంచి రికవరీ ఫోన్లు వచ్చాయి. ఆయన ఏ లోనూ తీసుకోలేదు. అప్పుడు నేనే ఆయన ఫోన్‌లో సంచార్ సాథీ సైట్ తెరిచి చూపించాను. ఆయన పేరు మీద ఆయనకి తెలియని రెండు సిమ్‌లున్నాయి. "నా నంబరు కాదు" అని రిపోర్ట్ కొట్టి, స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చి, ఆ గొడవలో నాలుగు రోజులు బండి ఆపేశాడు. బండి ఆగితే బత్తా లేదు, ట్రిప్పు లేదు, ఈఎంఐ మాత్రం ఆగదు. అప్పుడు నేను ఆయనతో ఏమన్నానో తెలుసా? "ఆధార్ ఎక్కడ పడితే అక్కడ ఇస్తే ఎలా మావయ్యా!"

ఆ కాపీ ఎక్కడి నుంచి బయటికి పోయిందో నాకు తెలియదు. మా యాప్ నుంచే అని చెప్పడానికి ఆధారం లేదు. కాదు అని చెప్పడానికీ లేదు.

మర్నాడు మేనేజర్‌తో మాట్లాడాను. ముందు ఆవిడ నేను చూసినదాని గురించే తిట్టారు, సరైన తిట్టే. తర్వాత "ఈ ఫోటోలు ఎన్నాళ్లు ఉంచుతాం?" అని అడిగాను. ఎక్కడా రాసి లేదు. అంటే ఎప్పటికీ. స్టోరేజ్ చవక కాబట్టి ఎవరూ ఆలోచించలేదు.

నాలుగు మార్పులు రాసిచ్చాను. ఒకటి, ఆధార్ వద్దు, లైసెన్స్ చాలు. లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ కొడితే చెల్లుతుందో లేదో పరివాహన్ పోర్టల్‌లోనే తెలుస్తుంది. రెండు, లోడ్ బుక్ అయినప్పుడే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి డ్రైవర్ పేరు, బండి నంబరు, ఆ ట్రిప్పుకి మాత్రమే పనికొచ్చే ఒక కోడ్ గోడౌన్‌కి రావాలి. డ్రైవర్ ఆ కోడ్ చెప్పాలి. "పంపిందెవరు" అన్నదానికి అదే జవాబు. మన ఇంటికి పార్సిల్ వస్తే ఓటీపీ చెప్తాం కదా, అలాంటిదే. మూడు, కార్డు ఫోటో దాచొద్దు. "చూశాం, సరిపోయింది, ఫలానా టైమ్" అని మాత్రం రాసుకుంటే చాలు. నాలుగు, తప్పనిసరిగా ఫోటో కావాలనే చోట 30 రోజుల్లో దానంతటదే చెరిగిపోవాలి, ఎవరు తెరిచి చూశారో రికార్డు ఉండాలి.

అన్నీ ఒప్పుకున్నారని రాస్తే కథ బాగుంటుంది. ఒప్పుకోలేదు. చివరిది వెంటనే ఓకే అయింది. ఆధార్ తప్పనిసరి తీసేయడానికి క్లయింట్లలో కొందరు సరే అన్నారు, కొందరు "మా ఆడిట్‌లో అడుగుతారు" అన్నారు. ట్రిప్పు కోడ్ ఒక గోడౌన్‌లో ట్రయల్ నడుస్తోంది. ఫోటో పూర్తిగా మానేద్దామంటే ఎవరూ ఒప్పుకోలేదు. బిస్కెట్ డబ్బా మా యాప్ పరిధిలో లేదు. ఆ వాట్సాప్ గ్రూపు కూడా.

ఆ గ్రూపు గురించి సెక్యూరిటీ కుర్రాడిని తప్పుపట్టలేను. ఆ రాత్రే అడిగాను. పన్నెండు గంటల డ్యూటీ, ఫోటో లేకుండా బండి వదిలితే జీతంలో కోత. నెట్ రాకపోతే వాడేం చేస్తాడు? తప్పనిసరి అని రాసింది నేను. నెట్ లేనప్పుడు ఏం చేయాలో రాయనిదీ నేనే.

మీ ఇంట్లోనూ ఒక డ్రైవర్ ఉండొచ్చు

నాన్నో, బాబాయో, అన్నయ్యో లారీ, డీసీఎం, ట్రాలీ ఆటో, డెలివరీ బండి ఏదో ఒకటి నడుపుతుంటే, ఈ ఆదివారం ఒక పావుగంట వాళ్ల ఫోన్ పట్టుకుని కూర్చోండి.

యూఐడీఏఐ సైట్ నుంచి మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ఫోన్‌లో పెట్టండి. అందులో మొదటి ఎనిమిది అంకెలు కనపడవు, చివరి నాలుగే ఉంటాయి. ఎవరైనా అడిగితే అదే పంపమనండి. బయోమెట్రిక్ లాక్ చేయండి. డిజీలాకర్‌లో లైసెన్స్, ఆర్సీ తెచ్చిపెట్టండి. సంచార్ సాథీలో వాళ్ల పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి. జిరాక్స్ ఇవ్వక తప్పకపోతే, దాని మీద అడ్డంగా "ఫలానా గోడౌన్ గేటు ఎంట్రీకి మాత్రమే" అని తేదీ వేసి రాయడం అలవాటు చేయండి. అక్షరాల మీద పడేలా రాయాలి, పక్కన ఖాళీలో కాదు.

ముఖ్యంగా, నేనన్నట్టు "ఎక్కడ పడితే అక్కడ ఇస్తే ఎలా" అనకండి. ఇవ్వకపోతే లోడ్ దిగదు. లోడ్ దిగకపోతే కిరాయి రాదు. అది వాళ్ల చేతిలో ఉన్న ఎంపిక కాదు.

మీలో నాలాగా యాప్‌లు రాసేవాళ్లుంటే ఇంకో మాట. ఏదైనా ఫీల్డుకి తప్పనిసరి అని పెట్టేముందు, దాన్ని రాత్రి రెండున్నరకి, చలిలో, క్యూలో నిలబడి నింపే మనిషి ఎవరో ఒక్కసారి వెళ్లి చూడండి. నాకు రెండేళ్లు పట్టింది, అదీ బస్సు టికెట్ దొరక్కపోవడం వల్ల.

మొన్న మావయ్యకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆ బటన్ నాదేనని కూడా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ నీలం రంగు నువ్వేశావా! నేనింకా పెద్ద కంపెనీ వాళ్లెవరో చేశారనుకున్నా" అన్నాడు. ఫోటోలు ముప్ఫై రోజుల్లో పోతాయని చెప్పాను. "మంచి పని చేశావురా" అన్నాడు.

పెట్టేసే ముందు అడిగాడు. "అల్లుడూ, అదే గేటు దగ్గర డ్రైవర్లకి ఒక బాత్రూమ్, తాగడానికి నీళ్లు తప్పనిసరి అని ఆ యాప్‌లో పెట్టడానికి కుదరదా? ఎర్ర చుక్కతో?"

దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.